నాలుగు రోజుల పని వారం: లండన్ ఆఫీసు లెక్క, పోలేపల్లి షిఫ్టు లెక్క

2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను (కొత్త కార్మిక చట్టాలను) అమల్లోకి తెచ్చింది. ఆ వెంటనే "ఇక వారానికి మూడు రోజులు సెలవు" అనే మాట ఫోన్లలో తిరగడం మొదలైంది. జడ్చర్ల, చౌటుప్పల్, కొత్తూరు వైపు కంపెనీ బస్సు ఎక్కి డ్యూటీకి పోయేవాళ్లకు ఆ మాట వినగానే ఆశ పుట్టడం సహజం. కేంద్ర కార్మిక శాఖ ఇచ్చిన వివరణ చదివితే అసలు సంగతి అర్థమవుతుంది. రోజుకు పన్నెండు గంటల చొప్పున నాలుగు రోజులు పని చేయిస్తే మిగతా మూడు రోజులు జీతంతో కూడిన సెలవు ఇవ్వొచ్చు. ఆ పన్నెండు గంటల్లో మధ్యలో ఇచ్చే విరామాలు కూడా కలిసి ఉండొచ్చు. వారానికి 48 గంటల పరిమితి మాత్రం మారదు. ఇది వెసులుబాటే గానీ తప్పనిసరి కాదు. పని తగ్గలేదు, ఆరు రోజుల పనిని నాలుగు రోజుల్లో సర్దారు, అంతే.

విదేశాల్లో నాలుగు రోజుల వారం విజయవంతమైందని పేపర్లలో వచ్చే వార్తలు ఈ పద్ధతి గురించి కావు. అక్కడ పరీక్షించింది గంటలు తగ్గించే పద్ధతి, ఇక్కడ చర్చకు వచ్చింది గంటలు సర్దే పద్ధతి. రెంటినీ ఒకే గాటన కట్టి "ప్రపంచమంతా ఇదే బాటలో ఉంది" అనడం సరికాదు. దక్షిణ తెలంగాణలో పనిచేసే మనిషికి ఈ తేడా జీతం మీద, నిద్ర మీద, ఆరోగ్యం మీద పడుతుంది.

బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి డిసెంబర్ దాకా 61 సంస్థలు, సుమారు 2,900 మంది ఉద్యోగులతో ఒక ప్రయోగం జరిగింది. దాని సూత్రం సులువుగానే ఉంటుంది: జీతం నూటికి నూరు, సమయం నూటికి ఎనభై, చేసి చూపించాల్సిన పని నూటికి నూరు. ఆరు నెలలయ్యాక 61లో 56 సంస్థలు ఆ పద్ధతినే కొనసాగిస్తామన్నాయి. పని భారంతో డీలా పడిపోవడం తగ్గిందని 71 శాతం మంది చెప్పారు. ఉద్యోగం మానేసి వెళ్లేవాళ్ల సంఖ్య 57 శాతం పడిపోయింది. ఐస్‌లాండ్‌లో 2015 నుంచి 2019 వరకు రెండున్నర వేల మందికి పైగా ఉద్యోగులకు జీతం కోత లేకుండా వారానికి 40 గంటల పనిని 35, 36 గంటలకు తగ్గించి చూశారు. నాలుగు రోజుల వారం పేరుతో అందరూ చెప్పే ఈ ఉదాహరణలో నిజానికి తగ్గించింది గంటలనే. జపాన్‌లో మైక్రోసాఫ్ట్ 2019 ఆగస్టులో ఐదు శుక్రవారాలు సెలవిచ్చి మీటింగులను అరగంటకు కుదిస్తే, ఒక్కో ఉద్యోగి లెక్కన అమ్మకాలు అంతకు ముందు ఏడాది ఆగస్టు కన్నా దాదాపు 40 శాతం పెరిగాయి, కరెంటు వాడకం 23 శాతం తగ్గింది.

ఈ ఫలితాలను తేలిగ్గా తీసిపారేయాల్సిన పని లేదు. అయితే బ్రిటన్ ప్రయోగంలో చేరినవి తమంతట తాము ముందుకొచ్చిన సంస్థలు, చాలావరకు చిన్నవి, ఎక్కువగా ఆఫీసు పని చేసేవి. జపాన్‌ది ఒక్క నెల ముచ్చట. ఆఫీసు పనిలో అనవసర మీటింగులు, ఒకే సమాచారాన్ని నలుగురికి నాలుగుసార్లు పంపడం, పై అధికారి వెళ్లేదాకా కుర్చీ కదలకపోవడం లాంటివి ఉంటాయి. వాటిని కోసేస్తే ఐదో రోజు తనంతట తానే మిగులుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో 2023లో మొదలైన ఐటీ టవర్లలో కూర్చుని పనిచేసే యువతకు ఈ పద్ధతి కుదరదని చెప్పడానికి ఏ కారణమూ లేదు. క్లయింట్ ఏ రోజు ఫోన్ చేసినా తీసే మనిషి ఉండేలా ఇద్దరు చొప్పున రోజులు మార్చుకుంటే సరిపోతుంది.

యంత్రం ముందు నిలబడే పని

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో మందుల కంపెనీ సంగతి వేరు. మాత్రలు అచ్చువేసే కంప్రెషన్ మెషిన్ నిమిషానికి ఎన్ని వేయాలో అన్నే వేస్తుంది. దాని ముందున్న ఆపరేటర్ ఎంత హుషారుగా ఉన్నా మెషిన్ వేగం పెరగదు. మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల్లో కిల్న్‌ను (ముడిసరుకు కాల్చే కొలిమిని) సాయంత్రం ఆపి పొద్దున్నే రాజేయడం కుదరదు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రానికి శుక్రవారం సెలవు ఉండదు. ఇలాంటి చోట్ల ఎనిమిది గంటల పనిని ఆరున్నర గంటల్లో చేసేయడం అనే మాటే లేదు. సీటు ఖాళీగా ఉండకూడదు, ఎవరో ఒకరు ఉండాల్సిందే.

ఒక సీటు లెక్క వేసి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. వారానికి 168 గంటలు. ఒక్కో మనిషి 48 గంటలు చేస్తే ఆ సీటుకు మూడున్నర మంది కావాలి. ఆరు రోజులు ఎనిమిదేసి గంటలు చేయించినా మూడున్నరే, నాలుగు రోజులు పన్నెండేసి గంటలు చేయించినా మూడున్నరే. అదే బ్రిటన్ పద్ధతిలో నాలుగు రోజులు ఎనిమిదేసి గంటలు, అంటే 32 గంటలే అయితే ఐదుంబావు మంది కావాలి. మనుషులు సగం పెరుగుతారు, జీతాల ఖర్చూ అంతే పెరుగుతుంది. ఒకరి గంటలు తగ్గితే ఇంకొకరికి ఉద్యోగం వస్తుంది కాబట్టి సమాజానికి ఇది మంచిదే. పని వెతుక్కుంటూ ఊళ్లు వదిలిపోయిన పాలమూరు (మహబూబ్‌నగర్) లాంటి జిల్లాకైతే మరీ మంచిది. ఆ ఖర్చు మోయడానికి యాజమాన్యాలు తమంతట తాము ముందుకు రావు. అందుకే పన్నెండు గంటల పద్ధతి వాళ్లకు నచ్చుతుంది: మనుషులు పెరగరు, షిఫ్టు మార్పిడి రోజుకు మూడుసార్లకు బదులు రెండుసార్లతో అయిపోతుంది, కంపెనీ బస్సుల ట్రిప్పులు తగ్గుతాయి.

పన్నెండు గంటల పనిదినం మన చట్టాలకు కొత్త కాదు. బ్రిటిష్ ఇండియాలో 1911 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్లకు పెట్టిన పరిమితి పన్నెండు గంటలే. 1922లో అది పదకొండుకు, వారానికి 60కి వచ్చింది. 1934లో పదికి, వారానికి 54కి దిగింది. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న కాలంలో ఎనిమిది గంటల పని కోసం కదలిక వచ్చి, 1946 సవరణతో రోజుకు తొమ్మిది, వారానికి 48 అయింది. (ఆ రోజుల్లో నల్లగొండ, పాలమూరు నిజాం ఏలుబడిలో ఉన్నాయి. పల్లెల్లో వెట్టి చేసేవాళ్లకు గంటల లెక్కే లేదు.) అప్పటి నుంచి 48 అనే అంకె కదల్లేదు. దాదాపు ఎనభై ఏళ్లలో యంత్రాలు ఎంతో మారాయి, ఒక మనిషి చేతి మీదుగా తయారయ్యే సరుకు ఎన్నో రెట్లు పెరిగింది. ఇప్పటి సంస్కరణలో తగ్గాల్సింది ఆ 48. దాన్ని ముట్టుకోకుండా రోజును మళ్లీ పన్నెండు గంటలకు తీసుకెళ్లడాన్ని ముందడుగు అనలేం.

బస్సు, పొలం, వంటిల్లు

ఇంత చెప్పాక కూడా పన్నెండు గంటల పద్ధతిలో లాభం లేదనడం అబద్ధమవుతుంది. మిడ్జిల్ వైపు పల్లె నుంచి జడ్చర్లకు కంపెనీ బస్సులో వచ్చే మనిషికి రానుపోను, బస్సు కోసం నిలబడే సమయంతో కలిపి రోజుకు రెండున్నర గంటలు పోతాయనుకుందాం. ఆరు రోజుల పద్ధతిలో అతను వారానికి 63 గంటలు ఇంటి బయట ఉంటాడు. నాలుగు రోజుల పద్ధతిలో 58 గంటలు. ఐదు గంటలు మిగులుతాయి, పైగా ఇంకో రెండు రోజులు పూర్తిగా చేతికొస్తాయి.

ఆ రోజులు విశ్రాంతికి పోతాయనుకోవడం పట్నం ఊహ. ఈ జిల్లాల్లో కంపెనీ ఉద్యోగానికి పోయే చాలామందికి ఊళ్లో రెండో మూడో ఎకరాలు ఉంటాయి. పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరకరు, దొరికినా కిలోకింత అని అడుగుతారు. వరి కోత మిషన్ ఎప్పుడు దొరికితే అప్పుడే పొలంలో ఉండాలి. ఇప్పుడైతే ఆ రోజుకు లీవ్ పెట్టాలి, లేదా లాస్ ఆఫ్ పే. మూడు రోజుల సెలవు ఉన్నవాడు బోరు మోటారు కాలిపోతే తానే దగ్గరుండి బాగు చేయించుకుంటాడు, ముసలి తల్లిని నల్లగొండ ఆస్పత్రికి తీసుకెళ్లి మళ్లీ రిపోర్టు కోసం మరుసటి రోజూ పోగలడు. ఇవి డబ్బు రూపంలో కనిపించని లాభాలు. నాలుగు రోజుల పద్ధతిని కోరుకునే కార్మికులు దొరికితే వాళ్లు కోరుకునేది ఇందుకే, వాళ్ల మాటను కొట్టిపారేయకూడదు.

నష్టం డ్యూటీ ఉన్న నాలుగు రోజుల్లో పడుతుంది. మూడు షిఫ్టుల పద్ధతిలో పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి ఆరు. మూడు డ్యూటీల్లో ఒకటే రాత్రి డ్యూటీ. పన్నెండు గంటల పద్ధతిలో ఉండేవి రెండే: పగలు ఆరు నుంచి ఆరు, రాత్రి ఆరు నుంచి ఆరు. డ్యూటీల్లో సగం రాత్రివే అవుతాయి. పగటి డ్యూటీ చేసేవాళ్లలో మధ్యాహ్నపు ఎండ తప్పించుకునేవాళ్లు ఎవరూ ఉండరు. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో సిమెంటు ఫ్యాక్టరీ యార్డులోనో రైస్ మిల్లు బాయిలర్ దగ్గరో పన్నెండు గంటలు నిలబడటం అంటే ఏమిటో అక్కడ పనిచేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఏకాగ్రత ఎనిమిది గంటల తర్వాత జారుతుంది. పదో గంటలో, పదకొండో గంటలో కన్వేయర్ పక్కనో సాల్వెంట్ డ్రమ్ముల దగ్గరో జరిగే చిన్న పొరపాటుకు మూల్యం ప్రాణమే కావచ్చు. ఎండాకాలం మూడు నెలలూ, ప్రమాదకర రసాయనాలతో పని ఉన్న విభాగాల్లో ఏడాది పొడవునా, పన్నెండు గంటల షిఫ్టు పెట్టకూడదు.

ఆడవాళ్ల లెక్క ఇంకా గట్టిది. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు ఆడవాళ్లు జీతం లేని ఇంటి పనికి రోజుకు సగటున 305 నిమిషాలు పెడుతున్నారు, అంటే ఐదు గంటల పైమాటే. ఉద్యోగం ఉన్న ఆవిడకు ఇది కొంత తగ్గొచ్చు, మాయమైతే కాదు. ప్యాకింగ్ సెక్షన్‌లో పన్నెండు గంటలు, బస్సుకు రెండున్నర, ఇంటి పనికి సగటున పట్టే ఐదు గంటలు కలిపితే పందొమ్మిదిన్నర. నిద్రకు, స్నానానికి, పిల్లల హోంవర్క్ చూడటానికి మిగిలేది నాలుగున్నర గంటలు. మూడో తరగతి చదివే పిల్లకు ఆ నాలుగు రోజులూ తల్లి నిద్రపోతూనే కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. పొద్దున ఆరుకు డ్యూటీ ఎక్కే తల్లుల పిల్లల కోసం క్రెష్ (పసిపిల్లలను చూసుకునే కేంద్రం) లేకుండా ఈ పద్ధతి తెస్తే జరిగేది ఒకటే: పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగం మానేస్తారు. దాన్ని కంపెనీ రికార్డులో "వ్యక్తిగత కారణాలు" అని రాసుకుంటారు.

హాజరు లెక్క

అసలు చిక్కు జీతం దగ్గర ఉంది. పర్మినెంట్ ఉద్యోగికి నెల జీతం కాబట్టి రోజులు మారినా బ్యాంకులో పడేది మారదు. ఈ ప్రాంతపు ఫ్యాక్టరీల్లో చాలా పని కాంట్రాక్టర్ కింద హాజరు లెక్కన జరుగుతుంది. హాజరుకు 600 రూపాయలు అనుకుంటే ఆరు హాజర్లకు వారానికి 3,600. నాలుగు రోజులు పన్నెండేసి గంటలు చేసినా మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) నాలుగు హాజర్లే పడితే 2,400. గంటలు అవే, మూడో వంతు కూలి పోయింది. పన్నెండు గంటల డ్యూటీకి ఒకటిన్నర హాజరు వేస్తారని రాతపూర్వకంగా ఉంటేనే ఈ పద్ధతికి అర్థం ఉంటుంది. నోటిమాట మీద కాంట్రాక్టర్‌ను నమ్మితే ఏమవుతుందో గుంపు మేస్త్రీల (కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లేవాళ్ల) కింద దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల కుటుంబాలకు తరాలుగా తెలుసు.

ఓటీ (ఓవర్‌టైమ్) సంగతి చూడాలి. ఎనిమిది గంటల పనిదినంలో ఒక రోజు పన్నెండు గంటలు చేస్తే పై నాలుగు గంటలకు రెట్టింపు, అంటే మొత్తం పదహారు గంటల కూలి రావాలి. పన్నెండు గంటలే మామూలు పనిదినం అయిపోతే అదే చెమటకు పన్నెండు గంటల కూలే వస్తుంది. ఓటీ డబ్బుతోనే చిట్టీ కట్టేవాళ్లు, పిల్లల ఫీజు కట్టేవాళ్లు ఉన్న చోట ఇది చిన్న కోత కాదు. కోత పూడ్చుకోవడానికి సెలవు రోజున కూడా డ్యూటీ అడిగితే, నాలుగు రోజుల వారం కాగితం మీదే మిగిలి వారానికి అరవై గంటలకు చేరతాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ల కన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి.

సెలవుల లెక్కలోనూ ఒక మెలిక ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోవడం లేదు. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఏడాదికి 240 రోజులు పనిచేస్తేనే ఆర్జిత సెలవు (పనిచేసిన రోజుల లెక్కన వచ్చే జీతంతో కూడిన సెలవు) వచ్చేది. వారానికి నాలుగు రోజులు చేసేవాళ్లకు ఏడాదికి 208 రోజులే అవుతాయి. కొత్త కోడ్ దాన్ని 180కి తగ్గించింది కాబట్టి అర్హత పోదు, అది మంచి మార్పే. ఇరవై రోజుల పనికి ఒక సెలవు చొప్పున ఆరు రోజుల పద్ధతిలో ఏడాదికి పదిహేను వస్తే, నాలుగు రోజుల పద్ధతిలో పదే వస్తాయి. ఆ పది సెలవులకూ పన్నెండు గంటల జీతం కడితేనే రెండూ సమానం. ఎనిమిది గంటల లెక్కన కడితే మళ్లీ మూడో వంతు నష్టం.

ఈ చర్చ తాకని వాళ్లు

జీతమే లేని చోట సెలవు ఎవరిస్తారు? పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట మగ్గాల మీద పనిచేసేవాళ్లకు చీరకింత అని కూలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీకి బస్తాకింత. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోస్తుంటే (నేతకు ముందు నూలును కొక్కేల చుట్టూ తిప్పి అమర్చుతుంటే) ఒక్కో చీరకు చేతిని దాదాపు 9,000 సార్లు కదపాల్సి వచ్చేది, నాలుగు గంటలకు పైగా పట్టేది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన 1999లో తయారు చేసిన లక్ష్మీ ఆసు యంత్రం ఆ పనిని గంటన్నరకు తెచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఎన్నో ఇళ్లల్లో ఆడవాళ్ల భుజాలు బతికాయి. ఆఫీసులో ఇంతటి మార్పు వస్తే "ఐదో రోజు సెలవు ఇవ్వండి" అని అడగొచ్చు. మగ్గం ఇంట్లో మిగిలిన గంటలు ఇంకో చీరలోకే పోతాయి, ఎందుకంటే చీర లేకపోతే కూలి లేదు. ఇక్కడ విశ్రాంతి కావాలంటే చీర మీద వచ్చే కూలి పెరగాలి, ఇంకో దారి లేదు.

ప్రభుత్వ ఆఫీసుల విషయంలో అమెరికాలోని ఉటా రాష్ట్రం అనుభవం చాలు. 2008లో అక్కడి ఉద్యోగులకు పది గంటల చొప్పున నాలుగు రోజులు పెట్టి శుక్రవారాలు ఆఫీసులు మూశారు. అనుకున్నంత ఆదా రాలేదు, మూసిన రోజు పనులు కావడం లేదని జనం విసిగారు, 2011లో వెనక్కి తీసుకున్నారు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి దరఖాస్తు ఇవ్వడానికి చందంపేట నుంచో అమ్రాబాద్ నుంచో బస్సులు మారి వచ్చే ముసలాయనకు ఆఫీసు మూడు రోజులు మూసి ఉండటం అంటే ఇంకో వారం ఆగడమే. ఉద్యోగులకు రోజులు మార్చి మార్చి సెలవు ఇస్తూ ఆఫీసును మాత్రం తెరిచి ఉంచితే అభ్యంతరం ఉండదు.

బెల్జియం 2022లో తెచ్చిన చట్టంలో పనికొచ్చే అంశం ఒకటి ఉంది. అక్కడా గంటలు తగ్గలేదు, నాలుగు రోజుల్లో సర్దారు. అడగాల్సింది మాత్రం ఉద్యోగి. యజమాని కాదంటే కారణం రాసివ్వాలి. ఒప్పందం ఆరు నెలలకే, నచ్చితే మళ్లీ రాసుకోవచ్చు. తెలంగాణలో కూడా ఏ ఫ్యాక్టరీ అయినా పన్నెండు గంటల షిఫ్టు పెట్టాలనుకుంటే ముందు కార్మికుల రహస్య ఓటు, ఆరు నెలల గడువు, ఒకటిన్నర హాజరు, క్రెష్ ఉండాలని రాష్ట్ర నిబంధనల్లోనే రాయాలి. పొలం ఉన్నవాడు కావాలంటాడు, చిన్న పిల్లలున్న ఆవిడ వద్దంటుంది. ఇద్దరికీ వీలయ్యేలా ఒకే ప్లాంటులో రెండు పద్ధతులూ నడపడం షిఫ్ట్ ఇన్‌చార్జికి కష్టమే గానీ అసాధ్యం కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో ఇచ్చిన ఉత్తర్వు దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల వరకు పని చేయించుకోవడానికి వీలిచ్చింది, వారానికి 48 దాటితే ఓటీ కట్టాలంది. మూడు నెలలకు 144 గంటల దాకా ఓటీ చేయించొచ్చంది. సగటున వారానికి పదకొండు గంటలు, మొత్తం 59. రాష్ట్రం నిజంగా ఉద్యోగుల సమయం గురించి ఆలోచిస్తే మొదట ఈ అంకెను దించాలి. ఆ తర్వాత ఆరు రోజులు పనిచేసే ప్రైవేటు స్కూలు టీచర్లకు, నర్సింగ్ హోం సిబ్బందికి ఐదు రోజులు, నలభై గంటల వారం తేవాలి. నల్లగొండ ప్రకాశం బజార్‌లో బట్టల కొట్లో పొద్దున తొమ్మిదిన్నరకు షట్టర్ ఎత్తి రాత్రి దించేదాకా నిలబడే సేల్స్ గర్ల్స్‌కు 1988 నాటి దుకాణాల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఒక పూర్తి సెలవు ఎప్పుడో ఇచ్చింది. పండగ సీజన్‌లో ఆ సెలవు దక్కుతోందో లేదో లేబర్ ఆఫీసర్ ఒక ఆదివారం బజారులో నడిచి వస్తే తెలిసిపోతుంది.